సీ పోయినా డీ ఉంటుంది

సిస్టమ్ స్లో అయిందంటే ఫార్మాట్. వైరస్ పట్టిందంటే ఫార్మాట్. పాట పెడితే స్పీకర్లు గరగరమంటున్నాయన్నా ఫార్మాటే, వైరును ఎలుక కొరికిందని ఆనక తేలినా సరే. 1990ల చివరి నుంచి ఓ పది పన్నెండేళ్లపాటు మన మధ్యతరగతి ఇళ్లలో కంప్యూటర్‌కు తెలిసిన మందు అదొక్కటే. ఆ మందు వెయ్యడం వచ్చిన కుర్రాడు ప్రతి కాలనీలోనూ ఒకడుండేవాడు. ఇంజనీరింగ్ చదువుతూ ఉండేవాడు, లేదా అమీర్‌పేటలో ఏదో కోర్సులో చేరి ఉండేవాడు, ఆ రెండూ కాకపోతే ఇంటర్ తప్పి ఇంట్లో తిట్లు తింటూ ఉండేవాడు. పని అందరికంటే బాగా వచ్చింది ఈ మూడో రకానికేనని నా నమ్మకం. హైదరాబాద్ వనస్థలిపురంలో మా వీధికి ఆ కుర్రాణ్ని నేను. మొదటి రకం.

ఇళ్లలోకొచ్చిన యంత్రాలు చాలావరకు అసెంబుల్డువే. నాన్నలు ఆఫీసులో కాస్త తెలిసినవాణ్ని వెంటేసుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే సీటీసీకి, వెళ్లేవారు. నాలుగు షాపుల్లో కొటేషన్లు రాయించుకుని ఐదో షాపులో కొనేవారు. ఇంటెల్ 845 బోర్డు, 256 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్‌డిస్కు, 17 అంగుళాల మానిటర్: 2003 ప్రాంతంలో ఇంత ఉంటే కాస్త గట్టి ఇల్లని లెక్క. ఇంటికి తెచ్చాక సీపీయూకి, మానిటర్‌కి, కీబోర్డుకి విడివిడిగా గుడ్డ తొడుగులు కుట్టించేవారు. దసరాకి పసుపు, కుంకుమ బొట్లు. బోర్డుతోపాటు వచ్చిన డ్రైవర్ల సీడీ బీరువాలో ఎల్ఐసీ బాండ్ల పక్కకు చేరేది, అవసరమైన రోజున దొరక్కుండా ఉండటానికి.

విండోస్ సీడీ మాత్రం ఏ ఇంట్లోనూ ఉండేది కాదు. షాపువాళ్లు తమ దగ్గరున్న కాపీ ఎక్కించి పంపేవారు. విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబర్ 25న విడుదలైంది. అంతకుముందే ఒక పెద్ద కంపెనీకిచ్చిన లైసెన్సు కీ బయటికి పొక్కి ప్రపంచమంతా తిరిగింది. 25 అక్షరాలు, ఐదేసి చొప్పున ఐదు ముక్కలు. ఇంటి ఫోన్ నంబరు తడుముకునేవాళ్లు కూడా దాన్ని గడగడా అప్పజెప్పేవారు. 2002లో సర్వీస్ ప్యాక్ 1 ఆ కీని పట్టుకుని వెనక్కి కొడితే, వారం తిరిగేసరికి సీడీ కవర్ల మీద స్కెచ్ పెన్నుతో ఇంకో కీ కనిపించింది. దొంగసొత్తని తెలియనివాళ్లు లేరు, పట్టించుకున్నవాళ్లూ లేరు.

అసలు ఇన్నిసార్లు తుడిచి మళ్లీ మొదటి నుంచి వెయ్యాల్సిన ఖర్మ ఎందుకు పట్టేదంటే, సగం పాపం కరెంటుది. విండోస్ ఏదో ఫైలు రాసుకుంటూ ఉండగా కరెంటు పోతే ఆ రాత సగంలో తెగిపోయేది. ఎండాకాలం కోతల్లో రోజుకి రెండుసార్లు ఇదే తంతు. యూపీఎస్ ఉన్న ఇళ్లలో దాని బ్యాటరీ ఏడాదికే నీరసించి, కుయ్యోమని రెండు కూతలు కూసి తనే ముందు ఆగిపోయేది. మిగతా సగం బయటి నుంచి వచ్చేది. మొదట్లో ఫ్లాపీలు, తర్వాత సీడీలు, ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లు. పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోదాన్ని తానే తెరిచే ఆటోరన్ అనే సదుపాయం విండోస్‌లో ఉండేది. జిరాక్స్ షాపులో రికార్డు ప్రింటు తీయించుకుని వచ్చిన పిల్లాడు, ఆ షాపులో ఉన్న వైరస్‌లన్నిటినీ ఇంటికి తెచ్చేవాడు. ఫోల్డర్ బొమ్మ వేసుకుని కూర్చునే వైరస్ ఒకటి. నొక్కితే ఫోల్డర్ తెరుచుకోదు, వైరస్ నడుస్తుంది. 2007లో తిరిగిన ఒకటైతే అప్పటి సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్ తెరవబోతే నిషేధమని చెప్పి ఎకసెక్కంగా నవ్వేది. పిల్లలు గోల పెట్టారు గానీ, పదో తరగతి పరీక్షల ముందు దాన్ని ఉంచెయ్యమని నన్ను బతిమాలిన తండ్రి ఒకాయన ఉన్నారు.

2003 ఆగస్టులో వచ్చిన బ్లాస్టర్ కథ వేరు. దానికి ఫ్లాపీతో గానీ సీడీతో గానీ పని లేదు, నెట్ కనెక్ట్ అయితే చాలు. తెర మీద ఒక పెట్టె వచ్చి 60 నుంచి వెనక్కి లెక్కపెట్టడం, సున్నాకి సిస్టమ్ దానంతటదే ఆగి మళ్లీ లేవడం. ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేసి నెట్ తగిలించిన కొద్ది నిమిషాలకే మళ్లీ అదే లెక్క మొదలయ్యేది. ఫైర్‌వాల్ ఆన్ చేసిన తర్వాతే ఫోన్ వైరు పెట్టాలన్న క్రమం మాకందరికీ నేర్పింది అదే. 2004లో సర్వీస్ ప్యాక్ 2 వచ్చాక ఆ ఫైర్‌వాల్ ముందే ఆన్ అయి ఉండేది.

పిలుపు శనివారం సాయంత్రం వచ్చేది, అదీ మా అమ్మ ద్వారా. “వదినా, మీవాడు రేపు ఖాళీయేనా? మా సిస్టమ్ నల్లగా అయిపోయి ఇంగ్లీషులో ఏదో తిడుతోంది.” ఆ తిట్టు చాలాసార్లు ‘ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్’ అయ్యుండేది. ఆదివారం పొద్దున జిప్పు సంచీలో సీడీలు, ఒక స్క్రూడ్రైవరు, ఒక రబ్బరు వేసుకుని బయల్దేరేవాణ్ని. రబ్బరు ర్యామ్ కాళ్ల మీది మసి తుడవడానికి. దాంతోనే బాగుపడిన సిస్టమ్‌లు ఎన్నో ఉన్నాయి, కానీ రబ్బరుతో బాగుచేశానంటే ఎవరూ నమ్మేవారు కాదు. కాసేపు సీరియస్‌గా తెర వైపు చూడాల్సి వచ్చేది.

షాపు మనిషి వస్తే 300 రూపాయలు తీసుకుని, ఎవర్నీ ఏమీ అడక్కుండా మొత్తం డిస్కు చెరిపేసి పోయేవాడు. మాకు డబ్బులిచ్చేవారు కాదు, పెసరట్టు ఉప్మా పెట్టేవారు. అందుకని మేం అడిగేవాళ్లం: “ఆంటీ, సీ డ్రైవ్‌లో ఏమేం ఉన్నాయి?”

ఆ ప్రశ్నకి ఇల్లంతా వంటగదిలోంచి, మేడ మీంచి వచ్చి కుర్చీ చుట్టూ చేరేది. ఎవరిదేం ఉందో ఎవరికీ తెలియదు. అంకుల్‌కి ఆఫీసు ఉత్తరాలు, అమ్మాయికి ప్రాజెక్టు రిపోర్టు, అబ్బాయికి రోడ్‌ర్యాష్‌లో తాను గెలిచిన లెవెళ్లు. డెస్క్‌టాప్ మీద కనిపించేవన్నీ నిజానికి సీ డ్రైవ్‌లోనే ఉంటాయంటే తెల్లబోయేవారు. “ఎదురుగా పెట్టుకున్నాం కదా బాబూ, అదెలా పోతుంది?” అని అడిగిన ఆవిడకి నేను చెప్పిన జవాబు ఏమిటో గుర్తులేదు గానీ, అంత సబబైన ప్రశ్న ఆ తర్వాత కాలేజీలో కూడా ఎవరూ అడగలేదు. మై డాక్యుమెంట్స్ సరే. ట్యాలీ లెక్కలు దాని సొంత ఫోల్డర్‌లో ఉండేవి, అడక్కపోతే ఎవరూ చెప్పరు. అన్నిటికంటే లోతుగా దాక్కునేది అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉత్తరాల పెట్టె. డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్‌లో, మామూలుగా కంటికి కనపడని ఫోల్డర్ల కింద, పొడుగాటి అంకెల పేరున్న సంచీలో ఉండేది. డల్లాస్ నుంచి కొడుకు రాసిన మెయిళ్లన్నీ అందులో. అవి తీసి డీ డ్రైవ్‌లో పెట్టి, ‘అబ్బాయి ఉత్తరాలు’ అని పేరు పెట్టి చూపిస్తే తప్ప ఆ ఇంటావిడ తర్వాతి మీట నొక్కనిచ్చేది కాదు.

డీ డ్రైవ్ మీద అంత గురి. డిస్కుని మొదటే సీ, డీ, ఈ అని మూడు వాటాలు వేసేవాళ్లం. సీ విండోస్‌ది, డీ ఇంటిది, ఈ పాటలది, సినిమాలది. వాటాల దగ్గర మళ్లీ ఒక పంచాయితీ. 40 జీబీ అని కొన్నది తెర మీద 37గా కనిపించేది. తయారీదారులు వెయ్యి లెక్కన కొలుస్తారు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది, తేడా అక్కడిది. ఎంత చెప్పినా సీటీసీలో మూడు జీబీ కొట్టేశారనే అనుమానం కొందరు అంకుల్స్‌కు తీరలేదు.

ఇక అసలు పని. విండోస్ 98 కాలంలో బూటబుల్ ఫ్లాపీ పెట్టి, ఎఫ్‌డిస్క్‌తో వాటాలు వేసి, ఫార్మాట్ సీ అని కొడితే డేటా అంతా పోతుందని హెచ్చరించి అవునా కాదా అని అడిగేది. వై కొట్టాలి. నల్ల తెర మీద శాతం ఒక్కో అంకె పెరుగుతూ ఉండేది. ఎక్స్‌పీ వచ్చాక తెర నీలమైంది. డెల్ మీట కొట్టి బయోస్‌లోకి వెళ్లి, సీడీ నుంచి మొదలవ్వాలని చెప్పి, లైసెన్సు ఒప్పందం వచ్చినప్పుడు ఎఫ్8. ఆ ఒప్పందాన్ని చదివిన మానవుణ్ని ఈనాటి వరకూ నేను చూడలేదు. తర్వాత సీ వాటాని ఎంచుకుని చెరపడం. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో చెయ్యాలా, పాత ఫ్యాట్32లోనే ఉంచాలా అన్నదాని మీద కాలనీ కుర్రాళ్లలో రెండు వర్గాలుండేవి. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే డాస్ ఫ్లాపీతో తెరుచుకోదని రెండో వర్గం వాదన. పసుపుపచ్చ గీత మెల్లగా నిండేది. ఫైళ్లు కాపీ అయ్యాక సిస్టమ్ ఆగి లేచినప్పుడు, సీడీ నుంచి మొదలవ్వాలంటే ఏదో ఒక మీట నొక్కమని వస్తుంది. అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలి. నొక్కితే కథ మళ్లీ మొదటికొస్తుంది. సాయం చేద్దామని స్పేస్‌బార్ కొట్టే తమ్ముడు ప్రతి ఇంట్లోనూ ఒకడుండేవాడు.

ఆ తర్వాత ‘సుమారు 39 నిమిషాల్లో పూర్తవుతుంది’ అని ఎడమ వైపు పడేది. మైక్రోసాఫ్ట్ లెక్కలో నిమిషానికి ఎన్ని సెకండ్లో ఎవరికీ అంతుబట్టలేదు. ముఖ్యంగా 34 దగ్గర ఆగేది. అది బోర్డులో ఏమేం ఉన్నాయో వెతుక్కునే ఘట్టం. కాఫీ వచ్చేది. ఏ కాలేజీ, ఎన్ని బ్యాక్‌లాగులు, క్యాంపస్‌కి ఎవరెవరొస్తున్నారు అనే ప్రశ్నలన్నీ ఆ 34లోనే వచ్చేవి. ఆంటీ పక్కింటి గొడవ చెప్పేది. అంకుల్ వై2కే టైములో అమెరికా వెళ్లి వెనక్కొచ్చిన మేనల్లుడి సంగతి చెప్పేవారు. ఎదురెదురుగా కూర్చోవడం తప్ప ఎవరికీ వేరే పనిలేని సమయం అది. మామూలుగా అయితే నాలాంటి ఇరవయ్యేళ్లవాడు ఆ ఇళ్లలో గేటు దగ్గర నిలబడి నాలుగు మాటలు మాట్లాడి వచ్చేసేవాడే.

టైమ్ జోన్ దగ్గర చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉంటుంది. హైదరాబాద్ ఎందుకు లేదని అడగని ఇల్లు లేదు. చివరికి పచ్చటి కొండ, నీలాకాశం వచ్చేవి. చార్ల్స్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ 1996లో కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో తీసిన ఫొటో అది. అయితే డిస్‌ప్లే డ్రైవర్ వెయ్యకముందు ఆ కొండ మెట్లుమెట్లుగా, బొమ్మలన్నీ రోలంత లావుగా కనిపించేవి. ఇప్పుడు మొదలయ్యేది బీరువా వెతుకులాట. చిప్‌సెట్, డిస్‌ప్లే, సౌండ్, ల్యాన్: డివైస్ మేనేజర్‌లో పసుపు రంగు ప్రశ్నార్థకాలు పోయేదాకా ఒక్కొక్కటీ వెయ్యాలి. సీడీ దొరక్కపోతే నెట్ నుంచి దించుకోవాలి. నెట్ రావాలంటే ల్యాన్ డ్రైవర్ ఉండాలి. అది ఆ సీడీలోనే ఉంది. అప్పుడు ఇంకో ఇంటికి పరుగు. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ వచ్చాక, కొన్ని ప్లాన్లలో రాత్రి 2 నుంచి పొద్దున 8 వరకు ఎంత వాడినా ఉచితం కాబట్టి, డ్రైవర్లన్నీ ఆ వేళల్లో దించి సీడీలకెక్కించి పెట్టుకునేవాణ్ని. ‘డిజిట్’ పత్రికతో వచ్చే సీడీలు కొంత ఆదుకునేవి. విద్య విషయానికొస్తే, ఇంగ్లీషు రానివాళ్లకి ఇవన్నీ తెలుగులో చెప్పిన పుణ్యం నల్లమోతు శ్రీధర్ నడిపిన ‘కంప్యూటర్ ఎరా’ మాసపత్రికది. ఆ పాత సంచికల్ని బైండు చేయించుకున్న మెకానిక్కులు నాకు తెలుసు.

తెలుగుకి మళ్లీ వేరే శ్రమ. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది గానీ, రీజనల్ సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెట్టి, మళ్లీ సీడీ పెట్టి ఫైళ్లు ఎక్కించి, ఒకసారి ఆపి లేపితే తప్ప అక్షరాలు కుదురుకునేవి కావు. లేకపోతే వత్తులొకచోట, గుణింతాలొకచోట. ఇది యూనికోడ్ సంగతి. ఈనాడు వెబ్‌సైట్‌కి దాని ఫాంటు దానిది. డీటీపీ వాళ్ల అను ఫాంట్లు ఇంకో లోకం.

మా వీధి చివర రిటైరైన తెలుగు మాస్టారొకరుండేవారు. తమ ఊరి కథలు, నిజాం రోజుల్లో తండ్రిగారు పడిన పాట్లు రోజూ కొంత చొప్పున అనులో కొట్టుకునేవారు. ఒకసారి షాపు మనిషి వచ్చి, ఎందుకోగానీ సీ ఒక్కటే తుడిచేసి వెళ్లాడు. ఫైళ్లు డీలో ఉన్నాయి, భద్రంగానే ఉన్నాయి, కానీ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ చుక్కలూ కలగలిసిన చెత్త. ఆయన ఆ పేజీని పైకీ కిందికీ జరుపుతూ, ఎక్కడైనా ఒక్క మాట తెలుగులో దొరుకుతుందేమో అని వెతుకుతున్నారు. అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీదే కూర్చుంటాయి. ఫాంటు లేకపోతే కింద ఉన్న సంకేతాలు బయటపడతాయి, అంతే. దిల్‌సుఖ్‌నగర్‌లో డీటీపీ సెంటర్ నుంచి ఫాంట్లు తెచ్చి వేశాక మొత్తం తిరిగి తెలుగైంది. మాస్టారు అక్కడికక్కడే మొదటి పేజీ చదివి, ఒక అచ్చుతప్పు దిద్దారు. ‘ఏమయ్యా, ఇదంతా కాగితం మీద ఉంటే నిన్ను పిలవాల్సిన పనే ఉండేది కాదు కదా’ అన్నారు. కాదనలేకపోయాను.

బ్యాకప్ తీసేవాడికి ఇంట్లోవన్నీ కనపడతాయి. ఇది ఎవరూ పైకి అనుకోని విషయం. అప్పు కోసం రాసిన ఉత్తరం, చెల్లెలితో ఆస్తి గొడవ మీద లాయరుకిచ్చిన కాగితం, రెజ్యూమెలో ఒకటికి మూడైన అనుభవం, ‘సిస్టమ్ 32 కొత్తది’ అని పేరు పెట్టి ఐదు ఫోల్డర్ల లోపల దాచిన ఇంకేదో. ఆ ఫోల్డర్‌ని తెరవకుండా మొత్తం అలాగే డీలోకి జరిపి, అబ్బాయి వైపు చూడకుండా ఉండటం పనిలో భాగం. ఒక ఇంట్లో ఎక్సెల్ షీటు కాపీ అయిందో లేదో చూడటానికి తెరిస్తే, అది వాళ్లమ్మాయికి చూస్తున్న సంబంధాల పట్టిక. పేరు, గోత్రం, జీతం, హెచ్1బీ ఉందా లేదా అనే గడులు. పదో వరసలో నా పేరు. ఎదురుగా వ్యాఖ్య: ‘మంచివాడే, ఉద్యోగం లేదు’. కాపీ అయిందని చెప్పి మూసేశాను. కాలనీలో ఎవరి గుట్టూ మా వల్ల బయటికి రాలేదు. ఎవరూ ఒట్టు వేయించుకున్నది లేదు, చెప్పకూడదని నేర్పినవాళ్లూ లేరు. ఇప్పుడు డేటా ప్రైవసీ గురించి వినిపించే ఉపన్యాసాల కంటే ఆ మౌనం నాకు ఎక్కువ గట్టిదిగా కనిపిస్తుంది. దాన్ని ఆ ఇళ్లు నమ్మాయి.

సిస్టమ్ అసలే లేవని రోజుల్లో ఉబుంటు లినక్స్ సీడీ కాపాడేది. అడిగినవాళ్లకి పోస్టులో ఉచితంగా పంపేవారు. 2005 నుంచి 2011 దాకా నడిచింది ఆ ఏర్పాటు. అట్ట కవర్లో సీడీలు విదేశీ ముద్రతో వస్తే మా పోస్ట్‌మ్యాన్ నాకేదో ఉద్యోగం వచ్చిందనుకునేవాడు. డిస్కులో వెయ్యకుండానే సీడీ నుంచి నడిచేది కాబట్టి, చచ్చిన విండోస్‌లోంచి ఫైళ్లు బయటికి లాగేవాణ్ని. దాన్నే వేసుకుని ఉంచుకోండని ఇద్దరు ముగ్గురికి చెప్పి చూశాను. ‘స్వేచ్ఛ’ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లు మెనూలు సైతం తెలుగులో ఉండే లినక్స్ చేశారని కూడా చెప్పాను. “రోడ్‌ర్యాష్ వస్తుందా అన్నా?” అన్నాడు వాళ్లబ్బాయి. అక్కడితో సరి.

ఈ బతుకు ఒక్క రోజులో పోలేదు. 2009లో విండోస్ 7 వచ్చింది. అరగంటలో అయిపోయేది, డ్రైవర్లు చాలావరకు తనే వెతుక్కునేది. 34 దగ్గర కాఫీ తాగే వ్యవధి లేకుండా పోయింది. ల్యాప్‌టాప్‌లు వాటి రికవరీని వాటిలోనే దాచుకుని రాసాగాయి. ఉత్తరాలు జీమెయిల్‌కి, ఫొటోలు ఫోన్లకి, పాటలు ఎక్కడో సర్వర్లకి వెళ్లిపోయాక డీలో మిగిలింది పెద్దగా ఏమీ లేదు. 2012లో విండోస్ 8 రీసెట్ మీటని తనలోనే పెట్టుకుంది. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. 2020 వచ్చేసరికి విండోస్ 10 తన కొత్త కాపీని నెట్ నుంచి తానే దించుకుని తనను తాను మళ్లీ వేసుకోవడం నేర్చింది. సీడీ అక్కర్లేదు, కీ అక్కర్లేదు, నేను అక్కర్లేదు. సౌకర్యమే, కాదనను. ఆదివారం పూట పరాయి ఇళ్లలో బల్ల కింద దూరి దుమ్ము పీల్చడం నాకేం సరదా కాదు. కానీ ఏది ఉంచుకోవాలి, ఏది పోయినా ఫరవాలేదు అని ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకున్న సందర్భం నాకు ఇప్పుడు ఏ ఇంట్లోనూ కనపడటం లేదు. అన్నీ ఉంటాయి. ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

డీ డ్రైవ్ మీద ఆ నమ్మకం సగం మూఢనమ్మకమే. సీ, డీ ఉన్నది ఒకే డిస్కు మీద. ఫార్మాట్ నుంచి డీ తప్పించుకుంటుంది గానీ, డిస్కు తల పగిలితే రెండూ కలిసే పోతాయి. ఆ సంగతి నాతోపాటు ఇళ్లు తిరిగిన స్నేహితుడికి నాకంటే బాగా తెలుసు, వాడు ఇప్పుడు ఒక పెద్ద కంపెనీలో స్టోరేజి ఇంజనీరు. మొన్న కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. సింగిల్ సీ డ్రైవ్‌తో వచ్చింది. పెట్టె విప్పి, పేరు కూడా పెట్టకముందే, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీని కుదించి డీ చేశాడు. అక్కడే ఉన్న వాళ్లమ్మాయి అడిగింది, అదెందుకు నాన్నా, అన్నీ క్లౌడ్‌లోనే ఉంటాయిగా అని.

“ఉంటాయిలే” అన్నాడు వాడు. “నీ ఫొటోలు మాత్రం డీలో పెట్టు.”